గురువారం మాత్ర

చి.ల.సౌ. అమ్మడికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. పదకొండు రోజులుగా నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది గనుక, కాగితం మీద పెడితే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రత్యేకించి విశేషమేమీ లేదు. దాళ్వా నాట్లు మొదలయ్యాయి. తూర్పు చెక్కలో కొబ్బరి దింపు తీయించాను, కాయ బాగానే ఉంది. పెద్దది రోజూ బడి నుంచి రాగానే తమ్ముడి బొమ్మల పెట్టె తుడిచి మళ్లీ మంచం కిందికి తోస్తోంది. వాడు వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదట.

మొన్న రావులపాలెం అరటి మార్కెట్టులో మీ పెద్దత్తగారి వియ్యపురాలు కనిపించి, "మీ మనవడికి నయమైపోయిందట కదండీ, రక్తం శుభ్రపడిందని మాత్రలు ఆపేసి పసరు మందు పోయిస్తున్నారట" అంది. ఊళ్లో మాటలు నేను పట్టించుకోను. అయినా అడుగుతున్నాను, వాడి రక్త క్యాన్సర్‌కు వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్, ఆ గురువారం మాత్ర వేస్తున్నావు కదా?

మీ అమ్మ బస్సులో పంపిన సంచిలో పాత బియ్యం, చక్కెరకేళి అరటిపళ్లు ఉన్నాయి. పండును బాగా కడిగి, నీ చేతులు కూడా కడుక్కుని, అప్పుడు తొక్క వలిచి పెట్టు. ఆత్రేయపురం పూతరేకులు కూడా పెడతానని పట్టుబట్టింది గానీ, బయట చేసినది వాడికి వద్దని నేనే తీసేశాను. అందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా టానిక్కు సీసా సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. వాడు నీరసంగా ఉన్నాడని నేను అమలాపురంలో కొని తెచ్చిన ఆ సీసా మీద నర్సమ్మ ఫోలిక్ యాసిడ్ అన్న మాట చూపించి, మెథోట్రెక్సేట్ చేసే పనికి అది అడ్డుపడవచ్చనీ, అడగకుండా ఏదీ పట్టవద్దనీ చెప్పినప్పుడు, ప్రేమతో తెచ్చినదే వాడికి చెరుపు చేయబోయిందని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఒక విటమిన్‌కే అంత జాగ్రత్త కావలసినప్పుడు, ఏ ఆకు నూరారో తెలియని పసరు ఆ చిన్న కాలేయాన్ని ఏం చేస్తుందో ఆలోచించు. నువ్వు పోయిస్తున్నావని కాదు.

ఆ మెథోట్రెక్సేట్ గురించి తర్వాత నేను చదివాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధక బృందమే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసి, దానికి ఎదురు నిలిచే అమినాప్టెరిన్‌నూ, ఆ వెనుక మెథోట్రెక్సేట్‌నూ తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమినాప్టెరిన్ ఇస్తే రక్త క్యాన్సర్‌తో మంచం పట్టిన పిల్లల్లో కొందరు తేరుకున్నారని 1948లో ప్రకటించారు. కానీ కొద్ది నెలలకే జబ్బు తిరగబెట్టింది. ఒక్క మందు చాలదనీ, పలు మందులు కలిపి ఏళ్ల తరబడి ఇవ్వాలనీ తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మనవాడికి రెండేళ్లు పైబడిన చికిత్స అని డాక్టరమ్మ గారు మొదటి రోజే చెప్పారే, ఆ మాట వెనుక ఆ పిల్లలున్నారు, అమ్మడూ.

1986 ఆగస్టు వరద సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. గౌతమి గట్టు మీద మూడు రాత్రులు ఊరంతా కాపలా కాశాం. పెట్రోమాక్సు లైట్లు పట్టుకుని, బుంగ పడ్డ చోటల్లా ఇసుక బస్తాలు, ఎండుగడ్డి కుక్కుతూ, మీ తాతయ్య లాకు వైపు, నేను రావిచెట్టు వైపు తిరిగేవాళ్లం. నాలుగో సాయంత్రానికి ధవళేశ్వరం దగ్గర నీరు తీస్తోందని కబురు వచ్చింది. మన గట్టు మీద కూడా జానెడు మేర తడి గుర్తు స్పష్టంగా కనిపించింది. తడిసి, ఆకలితో ఉన్నవాళ్లం, ఒకరి వెనుక ఒకరం ఇళ్లకు వెళ్లిపోయాం. ఇంకో రెండు రాత్రులు ఉండాలని మీ తాతయ్య అన్నా వినకుండా నేనూ వెళ్లి పడుకున్నాను. రావిచెట్టు దగ్గర ఎలుక బొరియ గుండా ఊరుతున్న నీటిని చూసేవాడు లేకపోయాడు. తెల్లవారేసరికి అక్కడ గండి పడింది, మన తమలపాకు తోట మొత్తం పోయింది. మీ తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ తోట వైపు మళ్లీ వెళ్లలేదు. వాడి రక్త పరీక్షలో అన్నీ సరిగ్గా ఉన్నాయని నువ్వు చెప్పినప్పుడల్లా నాకు గట్టు మీది ఆ తడి గుర్తే కళ్లకు కడుతుంది.

నువ్వెంత అలసిపోయావో నాకు తెలుసు. స్టెరాయిడ్లతో ముఖం ఉబ్బి, రాత్రి రెండు గంటలకు పప్పన్నం కావాలని వాడు ఏడిస్తే లేచి కుక్కరు పెట్టినదానివి, నడుములో సూది వేసే రోజున వాడు మెడ కరుచుకుంటే కంట నీరు పెట్టకుండా నిలబడ్డదానివి. ఇప్పుడు జుట్టు వచ్చి పరుగులు తీస్తున్న బిడ్డకు బలవంతాన మాత్ర మింగించడానికి ఏ తల్లికీ మనసొప్పదు. అయినా మెర్కాప్టోప్యూరిన్ అనే ఆ రెండో మాత్ర ప్రతి రాత్రీ ఒకే వేళకు పడాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది గనుక ఆ రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఇంట్లో మాత్ర వేసి చూద్దామనుకోకుండా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లు. పాఠం చెప్పకూడదనే అనుకున్నాను గానీ నా భయం నన్ను ఊరుకోనివ్వడం లేదు.

సంక్రాంతికి రావద్దు. మన వీధిలో ముగ్గురు పిల్లలకు ఆటలమ్మ పోసింది. అక్కడైనా అటువంటి పిల్లల దగ్గరికి వాడు వెళ్లినట్టు తెలిస్తే, పొక్కులు కనిపించేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరమ్మ గారికి చెప్పు. జగ్గన్నతోట ప్రభలు చూపించమని వాడు అడిగిన మాట నేను మరచిపోలేదు. మందులు పూర్తయ్యాక వచ్చే కనుమకు భుజం మీద ఎక్కించుకుని తీసుకువెళ్తానని చెప్పు.

గది అద్దెకు తడుముకుని ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేస్తున్నారేమోనని మీ అమ్మ అంటోంది. దింపు డబ్బు విడిగా తీసి ఉంచాను, అల్లుడు గారు మొహమాటపడనక్కరలేదు. ఒకవేళ మాత్రలు నిజంగానే ఆపి ఉంటే నా దగ్గర దాచవద్దు, నేను కోప్పడను. ఎన్ని రోజులు తప్పాయో రాసుకుని రేపే డాక్టరమ్మ గారికి చూపించండి. తప్పినవన్నీ ఒకేసారి వేసి సరిపెట్టవద్దు. అల్లుడు గారికి చెప్పడం నీకు కష్టమైతే నేను రాజమండ్రిలో రైలెక్కి విశాఖ వస్తాను.

పెద్దది గోడ క్యాలెండరులో గురువారాలన్నిటికీ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టింది. ప్రతి వారం నీ ఫోను వచ్చాక అందులో టిక్కు పెడుతుంది. ఇప్పుడు రెండు సున్నాలు ఖాళీగా ఉన్నాయి. ఈ గురువారం రాత్రి మాత్ర వేశాక మాట్లాడే ఓపిక లేకపోతే, ఒక్కసారి మోగించి పెట్టేసినా చాలు.

ఇట్లు,
మీ నాన్న