మనసులో అనుకుంటే సరిపోదా?

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: "సార్, దేవుడు మనసులో మాట కూడా వింటాడంటారు కదా, మరి అందరూ ఒకచోట చేరి ప్రార్థన చేయడం ఎందుకు?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం వెంటనే జవాబు దొరకలేదు. అందుకే ఈసారి పరీక్షల సంగతి పక్కనపెట్టి దీని గురించే రాస్తున్నాను.

ఆ అమ్మాయి వైపు గట్టివాళ్లే ఉన్నారు. అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో, మతమంటే ముందు మనిషి ఏకాంతంలో పొందే అనుభవమే, సంస్థలన్నీ ఆ తర్వాతే అన్నాడు. పదేళ్లకు, 1912లో, ఫ్రాన్స్‌కు చెందిన సమాజ శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ దాన్ని దాదాపు తిరగేశాడు. జనం ఒకచోట చేరి ఒకే మాట పలికి, ఒకే లయలో కదిలినప్పుడు, విడివిడిగా ఎవరికీ కలగని ఉద్వేగం పుడుతుంది. పవిత్రమనే భావం అక్కడే ఊపిరి పోసుకుంటుందని ఆయన వాదన.

నేను దుర్ఖైమ్ వైపే మొగ్గుతాను, కానీ ఉద్వేగం ఒక్కటే కారణమంటే ఒప్పుకోను. క్రైస్తవుల్లో ఒక శాఖవాళ్లైన క్వేకర్లనే చూడండి. వారి సంప్రదాయ ప్రార్థనా సమావేశంలో పురోహితుడు ఉండడు, పాట ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా లోపలి నుంచి ప్రేరణ కలిగితే లేచి నాలుగు మాటలు చెబుతారు. మౌనమే కావాలంటే ఇంట్లో కూర్చోవచ్చుగా? అయినా వస్తారు. పక్కవాళ్ల మౌనం మన మౌనానికి ఆసరా అవుతుందేమో.

యూదుల్లో కొన్ని ప్రార్థనలకు కనీసం పదిమంది పెద్దవాళ్లు ఉండాలి. తొమ్మిదిమంది మహాపండితులున్నా చాలదు. పదోవాడికి పాండిత్యం లేకపోయినా, అతను వచ్చాకే మొదలవుతుంది. ఈ నియమం నాకెంతో ఇష్టం.

క్రైస్తవ ఆరాధనలో జనం మౌన ప్రేక్షకుల్లా ఉండకూడదని కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ 1963లో చెప్పింది. ఇప్పుడు ఏ మతంలోనైనా సగంమంది ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తూ ఉంటాం. (నేనూ తీశాను, దాచడమెందుకు.)

ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. పాల్గొనడం వేరు, బలవంతం వేరు. మన బడి ప్రార్థనలో చేతులు జోడించని పిల్లలు నిశ్శబ్దంగా నిలబడితే చాలు, ఎందుకని ఎవరూ అడగరు.

పదిమంది సంగతి చెప్పాక ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. "నాకు నమ్మకం లేకపోయినా వచ్చి కూర్చుంటే, నేనూ లెక్కలోకి వస్తానా సార్?" జవాబు ఇంకా చెప్పలేదు. ఈ వారం ఇంట్లో మీరేమంటారో అడిగి రమ్మని క్లాసు మొత్తానికీ చెప్పాను.

మీ ప్రధానోపాధ్యాయుడు