ముందు నీ బల్లని నమ్మేలా కట్టుకో

పెరంబూర్, చెన్నై

చిన్నా,

నువ్వు బాగుచేద్దామని కొన్న పాత వీడియో గేమ్ మెషీన్ల బోర్డుల ఫోటోలు పెద్దవి చేసి మరీ చూశాను. బోర్డులు బాగున్నాయి. ఒకదాని మీద మాత్రం బ్యాటరీ కారి చుట్టూ పచ్చగా పట్టింది, దాన్ని ఇప్పుడే ముట్టుకోకు. ఆసిలోస్కోప్, అదే సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే పరికరం, కొనమంటావా అని అడిగావు. ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దంటున్నానో ఫోన్‌లో చెబితే గబగబా అయిపోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ బోర్డులు చచ్చిపోయాయని నీకు అమ్మినవాళ్ళు చెప్పారు. రేపు నువ్వు కరెంటు ఇస్తావు, తెర మీద బొమ్మ రాదు. తప్పు బోర్డుదా, పవర్ సప్లైదా, నువ్వు చుట్టిన తీగలదా, మానిటర్‌దా? బల్ల మీద, అంటే బోర్డుని పరీక్షించే ఈ సప్లై, తీగలు, మానిటర్ మీద, అనుమానం ఉన్నంతకాలం బోర్డు సంగతి తేల్చలేవు. కాబట్టి నువ్వు ముందు కొనాల్సింది చక్కగా నడుస్తున్న ఒక బోర్డు. ఏ గేమైనా సరే, చవకది చాలు. దాన్ని పాడుచేయకుండా పక్కన పెట్టుకో. ఎప్పుడు సందేహం వచ్చినా దాన్ని తగిలించి బల్లని పరీక్షించుకో.

జామా పద్ధతి బోర్డునే కొను. జామా అంటే జపాన్ గేమ్ మెషీన్ కంపెనీల సంఘం, బోర్డుని మెషీన్‌కి తగిలించే కనెక్షన్‌ని 1985లో ఒక పద్ధతికి తెచ్చింది. ఒక్కో వైపు 28 చొప్పున 56 పిన్నులు, వాటి మధ్య దూరం 3.96 మిల్లీమీటర్లు. ఒకసారి తీగలు కట్టుకుంటే ఆ తరవాత వచ్చిన బోర్డులు చాలావరకు దానికే తగులుతాయి. అంతకు ముందువి, 1980 నాటి ప్యాక్‌మ్యాన్ లాంటివి, దేని కనెక్టర్ దానిదే. వాటి జోలికి తరవాత వెళ్దువుగాని. కనెక్టర్‌లో ఏడో పిన్ను దగ్గర తిరగేసి పెట్టకుండా అడ్డుముక్క ఉండాలి. లేకుండా అమ్ముతుంటారు, అడిగి వేయించుకో. బోర్డు మీద ఐసీలు, అంటే చిప్పులు, ఉండే వైపు ఏదో కనెక్టర్ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు.

ఇక కరెంటు. ఇక్కడ తొందరపడకు. నీ అద్దె గదిలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉందని కాదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టులకు దగ్గరగా వస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకో. గేమ్ మెషీన్ల కోసం చేసిన స్విచింగ్ సప్లై దొరికితే అదే కొను. అందులో +5, +12, -5 వోల్టులు మూడూ ఉంటాయి, 5 వోల్టులను కొంచెం పెంచి తగ్గించే చిన్న స్క్రూ కూడా ఉంటుంది. కంప్యూటర్ సప్లైతో కూడా నడుస్తుంది కానీ కొత్తవాటిలో -5 ఉండదు, -12 నుంచి 7905 అనే రెగ్యులేటర్ ఐసీ పెట్టి తీసుకోవాలి. చాలా బోర్డులకు ఆ -5 అక్కరలేదు. కొన్ని పాత బోర్డుల్లో సౌండ్‌కీ, పాతరకం మెమరీ చిప్పులకీ కావాలి.

5 వోల్టులను సప్లై దగ్గర కొలిచి సరిపోయింది అనుకోకు. బోర్డు మీద ఐసీ పిన్నుల దగ్గరే కొలువు. పాత బోర్డు 4 ఆంపియర్లు లాగుతోందనుకో, నీ తీగలోనూ కనెక్టర్‌లోనూ కలిపి 0.1 ఓం ఉన్నా 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. సప్లై దగ్గర 5 చూపిస్తుంది, ఐసీకి అందేది 4.6. ఆ ఐసీలకు 4.75 కంటే తగ్గకూడదు. అప్పుడు గేమ్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, నువ్వేమో మెమరీ చిప్పులు మారుస్తూ కూర్చుంటావు. అందుకే 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ లావు తీగలు వెయ్యి, వాటికి ఇచ్చిన పిన్నులన్నీ వాడు. కొత్త బోర్డు ఏది వచ్చినా తగిలించే ముందు 5 వోల్టుల పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉందేమో మీటర్‌తో చూడు.

బొమ్మ విషయానికి వస్తే, ఈ బోర్డుల వీడియో సుమారు 15.7 కిలోహెర్ట్జ్‌ది. కంప్యూటర్ మానిటర్లు 31 దగ్గర మొదలవుతాయి, అందుకే నేరుగా తగిలిస్తే ఏమీ రాదు. మధ్యలో ఒక కన్వర్టర్ బోర్డు పెట్టాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు మూడింటికీ ప్రీసెట్లు, అంటే స్క్రూతో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్లు, వేసి సిగ్నల్ తగ్గించి ఇవ్వు. కన్వర్టర్‌కి 0.7 వోల్టులు చాలు, గేమ్ బోర్డు అంతకు చాలా ఎక్కువ పంపుతుంది. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్ దొరికినా నేను పక్కన లేకుండా విప్పొద్దు. కలర్ ట్యూబ్ మీద 20,000 వోల్టులకు పైగా ఉంటుంది, ఆపేశాక కూడా కొంత నిలిచి ఉంటుంది. ఈ మాట మాత్రం తప్పకుండా విను. స్పీకర్ నేరుగా బోర్డుకే తగులుతుంది. దాని రెండో తీగను గ్రౌండ్‌కి కలపకు, కొన్ని బోర్డుల్లో సౌండ్ ఐసీ పోతుంది.

ఇంతవరకు అయ్యాక రెండే పనిముట్లు కావాలి, మంచి మల్టీమీటర్, పిన్ను మీద సిగ్నల్ పైన ఉందా కింద ఉందా మారుతోందా చూపించే లాజిక్ ప్రోబ్. నీ బోర్డుల్లో ఒకదాని మీద జెడ్80 ప్రాసెసర్ కనిపిస్తోంది. దానితో మొదలుపెట్టు. 11వ పిన్నులో 5 వోల్టులు, 29లో గ్రౌండ్, 6లో క్లాక్, 26లో రీసెట్. రీసెట్ పిన్నులో వోల్టేజ్ పైనే నిలబడి ఉండాలి. అది పడుతూ లేస్తూ ఉంటే ప్రోగ్రాం నడవడం లేదని వాచ్‌డాగ్ సర్క్యూట్ మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తోందన్నమాట. అప్పుడు ప్రోగ్రాం దాచి ఉంచే ఈప్రామ్ చిప్పులూ, మెమరీ చిప్పులూ, వాటిలో ఏ చోటు చదవాలో ప్రాసెసర్ చెప్పే అడ్రస్ లైన్లూ చూడాలి. ఒక లైన్ కదలకుండా ఉంటే అది ఎక్కడి నుంచి బయలుదేరిందో వెనక్కి వెళ్ళి పట్టుకో. ఏ ఐసీ అనుమానమో కాగితం మీద రాశాకే సోల్డరింగ్ ఐరన్ వేడి చెయ్యి.

మా షాపుకి ఐలాండ్ గ్రౌండ్స్ ఎగ్జిబిషన్ ముగిశాక ఇలాంటి బోర్డులు వచ్చేవి. సముద్రపు గాలికి ఐసీల కాళ్ళు నల్లబడి, సాకెట్లలో పట్టు వదిలి ఉండేవి. చాలావాటికి ఆ ఐసీలు తీసి, కాళ్ళు శుభ్రం చేసి, మళ్ళీ గుచ్చితే చాలు. ఆ పని ఎంత చిన్నదైనా అదే ముందు చెయ్యాలి.

ఐసీ మార్చాల్సి వస్తే దాన్ని కాపాడాలని చూడకు, బోర్డుని కాపాడు. కాళ్ళన్నీ కట్టర్‌తో కత్తిరించి, ఒక్కో కాలూ వేడి చేసి విడిగా లాగు. వేడెక్కువై ట్రాక్, అదే బోర్డు మీది రాగి గీత, లేచిపోతే మళ్ళీ అతికించడం చాలా కష్టం. ఖాళీ అయిన చోట సాకెట్ వెయ్యి. ఈప్రామ్ గాజు కిటికీ మీద స్టిక్కర్ ఊడి ఉంటే వెంటనే కొత్తది అతికించు. నేరుగా ఎండ తగిలితే వారంలో, ట్యూబ్‌లైట్ వెలుగులో మూడేళ్ళలో లోపలి ప్రోగ్రాం చెరిగిపోవచ్చు. కిటికీ పక్కన బల్ల వేశావు, ఫోటోలో చూశాను. జరుపు.

ఇవన్నీ ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఆ బోర్డులు మళ్ళీ తయారు కావు. వాటి మీద పిల్లలు ఎన్ని సాయంత్రాలు గడిపారో నేను చూశాను. నీ చేతిలో ఒకటి బతికితే నాకు నిజంగా సంతోషం.

మీ బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో కనెక్టర్ దొరక్కపోతే చెప్పు, ఇక్కడ రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చూస్తాను. పచ్చపట్టిన బోర్డు దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా. అది నికెల్ కాడ్మియం బ్యాటరీ అయితే కారింది క్షారం, వెనిగర్‌తో తుడిచి, నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టాలి. ట్రాకులు ఎక్కడెక్కడ తెగాయో ఇద్దరం కూర్చుని చూద్దాం. అంతవరకు దాన్ని మిగతావాటికి దూరంగా, కవర్లో పెట్టి ఉంచు.

ప్రేమతో,
అమ్మ