మొలల ఆపరేషన్ మత్తు గురించి రాయండి

ఎడిటర్ గారికి,

సిటీలో ఎక్కడ చూసినా ‘ఆపరేషన్ లేకుండా మొలలు మాయం’ అనే పోస్టర్లే. అవి నమ్మి రెండేళ్లు పొడులు మింగాను, చెప్పుకోవడానికి సిగ్గు మరి. చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సర్జన్ దగ్గరికి వెళ్తే, ఆ చోటు వరకే మత్తిచ్చి ఆపరేషన్ చేసి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. లిగ్నోకెయిన్ అనే మత్తుమందు నిమిషాల్లో పనిచేస్తుంది, దాంతో కలిపి ఇచ్చే బుపివకెయిన్ కొన్ని గంటలు నిలుస్తుంది. సూది గుచ్చినప్పుడు మంట మామూలుగా లేదు, ఆ తర్వాత మాత్రం డాక్టర్‌తో ఉప్పల్ ట్రాఫిక్ గురించి మాట్లాడుతూ పడుకున్నాను.

వెన్నులో మత్తిస్తే కొందరికి మూత్రం ఆగిపోతుంది, తలనొప్పి వస్తుంది. మా బావగారికి అలాగే అయ్యి ట్యూబు వేశారు. ఆ చోటు వరకే ఇచ్చే మత్తులో ఆ బాధ తక్కువ. అందరికీ కుదరదు లెండి, లోతైన ఫిస్టులా (మలద్వారం పక్కన చీము కారే దారి) ఉన్నవాళ్లకి, బాగా టెన్షన్ పడేవాళ్లకి వేరే మత్తే నయం.

అసలు నొప్పి రాత్రి మత్తు దిగాక మొదలైంది, మర్నాడు మోషన్‌కి వెళ్లినప్పుడైతే చుక్కలు కనిపించాయి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చుంటే కాస్త ఊరట. ఇది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మీ ఆరోగ్యం పేజీలో ఒక సర్జన్ చేత ఈ సంగతులన్నీ రాయించండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్