బాగున్నానన్న ఒక్క మాట

జమ్మికుంట

బిడ్డా,

ఇక్కడ అందరం క్షేమం. పత్తి రెండోసారి ఏరాం. నల్లబర్రె ఈనింది. జున్ను నీకోసం ఎత్తిపెట్టమంటే నిలవుండదని అమ్మ కోప్పడింది. పదకొండు రోజులుగా నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. ‘బాగున్నా’ అని ఒక్క మెసేజీ వస్తోంది, అంతే. రాత్రుళ్లు మెస్‌కు పోవడం లేదని రాజన్న మామ కూతురు చెప్పింది. ఆ పిల్లను ఏమీ అనకు.

తన సైకాలజీ పుస్తకంలోని, మనసు మీది ఒత్తిడి కొలిచే ప్రశ్నల కాగితం కూడా చూపించింది. 1983లో అమెరికా సైకాలజిస్టు షెల్డన్ కోహెన్, ఆయన తోటివారు పద్నాలుగు ప్రశ్నలతో తయారుచేస్తే, తర్వాత పదికి తగ్గించారట. నెత్తిన ఎంత బరువుందని అది అడగదు. గడిచిన నెలలో పనులు చేయిదాటిపోయినట్టు ఎన్నిసార్లు అనిపించిందని అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 40. ఇది రోగం తేల్చే పరీక్ష కాదు. నాకు 24 వచ్చింది, అది పత్తి ధర వల్ల కాదు. నువ్వూ వేసుకో, ఎంత వచ్చిందో నాకు చెప్పకపోయినా సరే.

హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు నేను లెక్కల్లో తప్పాను. నెలంతా ఇంటికి ‘క్షేమం’ అనే రాశాను. ఎప్పుడూ కార్డు నిండా రాసేవాణ్ణి మూడు వరుసలకు దిగేసరికి తాతకు అనుమానం వచ్చింది. తెల్లారేసరికి కాజీపేటలో బండి దిగి, తువ్వాలులో సర్వపిండి కట్టుకొని నడిచి వచ్చాడు. పద్మాక్షి గుట్ట కింద కూర్చోబెట్టి తినమన్నాడు. మార్కుల మాటెత్తలేదు. బావి మోటారు కాలిపోయిన సంగతి, చిన్నత్త సంబంధం సంగతి చెబుతూ పోయాడు. రెండో ముక్క తింటుంటే నాకే ఏడుపొచ్చి అంతా చెప్పేశాను. “ఎన్ని తక్కువైనయి?” అన్నాడు. తొమ్మిది అన్నాను. “తొమ్మిదికి నెల రోజులు నిద్ర మానుకున్నావా” అని నా వీపు నిమిరాడు. ఆ సాయంత్రం లెక్కల సారు ఇంటికి వెళ్లాం. నేను మాట్లాడి వచ్చేదాకా తాత గేటు బయటే నిలబడ్డాడు.

పాఠాలు చెప్పనులే. కానీ టీలతో కడుపు నింపుకోకు. పన్నెండు దాటితే పుస్తకం మూసెయ్. అర్థం కానిది సారును అడుగు. నీ చేతిలో లేనిదానికి ఏడుపొస్తే స్నేహితురాలి దగ్గర ఏడువు. అదీ తట్టుకునే దారే. నిద్రపట్టేదాకా ఫోను చూస్తూ పడుకోవడం మాత్రం కాదు. మాతో చెప్పలేనిదైతే 14416కు ఫోను చెయ్యి. మనసు బాధలు వినే సర్కారు ఫోను సాయం, టెలీ మానస్ అంటారు, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు. నంబరు పుస్తకం అట్ట మీద రాసుకో.

శనివారం పొద్దుటి బండికి వస్తున్నాను. అమ్మ సర్వపిండి చేస్తోంది, నువ్వులు ఎక్కువ వేయమన్నాను. మార్కుల మాటెత్తను. నువ్వు వద్దన్న ఉన్ని దుప్పటి కూడా తెస్తున్నాను.

బాపు