చైనా అధ్యక్షుడి ఇంటిపేరు షీ

సంపాదకుడు గారికి నమస్కారం.

చైనా అధ్యక్షుడి వార్త వచ్చినప్పుడల్లా మీ అంతర్జాతీయ పేజీ హెడ్డింగులో 'జిన్‌పింగ్' అని రాస్తున్నారు. మీరొక్కరే కాదు, తెలుగులో చాలా పత్రికలు, టీవీలు అదే చేస్తున్నాయి. ఆయన ఇంటిపేరు షీ, పెట్టిన పేరు జిన్‌పింగ్. వాళ్ల నాన్న షీ ఝోంగ్‌షున్ కూడా ఆ దేశంలో పేరున్న కమ్యూనిస్టు నాయకుడే. చైనాలో మనకు లాగే ఇంటిపేరు ముందు వస్తుంది, బయటివాళ్లు ఇంటిపేరుకి హోదా కలిపో, పూర్తి పేరుతోనో పిలుస్తారు. ఒట్టి జిన్‌పింగ్ అనే చనువు ఇంట్లోవాళ్లకి, బాగా దగ్గరివాళ్లకి మాత్రమే ఉంటుంది. మావోని మనం ఎప్పుడూ మావో అనే అన్నాం, అది ఇంటిపేరు. ఉత్తర కొరియా నాయకుడిని కిమ్ అని రాస్తాం, అదీ ఇంటిపేరే. మరి ఈయన దగ్గరికొచ్చేసరికి ఎందుకు తిరగబడింది? హెడ్డింగులో ఒక్క అక్షరం పెడితే జనానికి తెలియదేమోనని అలా మొదలై ఉండొచ్చు, అలాగైతే షీ జిన్‌పింగ్ అని పూర్తిగా రాయండి, ఆ ఒక్క అక్షరం చోటు పెద్ద లెక్క కాదు కదా.

అలాగని ఇంటిపేరు ముందుండే దేశాలన్నిటికీ ఒకటే రూలు పెట్టినా కుదరదు. వియత్నాంలోనూ ఇంటిపేరే ముందు, కానీ అక్కడ నూటికి దాదాపు 40 మంది ఇంటిపేరు న్గుయెన్. ఆఫీసులో ఆ పేరు పెట్టి పిలిస్తే గదిలో సగం మంది తల తిప్పి చూస్తారు. అందుకని ఎంత పెద్దవాళ్లనైనా చివర ఉండే సొంత పేరుతోనే మర్యాదగా పిలుచుకుంటారు. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన వో న్గుయెన్ జియాప్‌ని లోకమంతా జనరల్ జియాప్ అంది, ఎవరూ జనరల్ వో అనలేదు. మయన్మార్‌లో అయితే మామూలుగా ఇంటిపేరనేదే ఉండదు. ఐక్యరాజ్యసమితికి 1961 నుంచి 1971 దాకా ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఊ థాంట్ గారి పేరు ఒట్టి థాంట్, ముందున్న ఊ మన 'గారు' లాంటి మర్యాద మాట. ఆంగ్ సాన్ సూకీ పేరులో ఆంగ్ సాన్ నాన్నది, సూ నాయనమ్మది, చివరి ముక్క అమ్మ పేరులోది. ముగ్గురిని కలిపి పెట్టుకున్న పేరు అది, అందులో ముందు సగం ఇంటిపేరనుకుని తీసేసి సూకీ అని రాస్తున్నాం మనం.

ఐస్‌లాండ్ సంగతి ఇంకోరకం. అక్కడ చాలామందికి వంశం పేరు ఉండదు, తండ్రి పేరుకో తల్లి పేరుకో 'కొడుకు', 'కూతురు' అన్న మాట చేరుస్తారు. ఇప్పటి అధ్యక్షురాలు హల్లా టోమస్‌దోత్తిర్, అంటే టోమస్ కూతురు హల్లా. అక్కడ అచ్చు టెలిఫోన్ డైరెక్టరీ కూడా సొంత పేర్ల వరసలోనే ఉండేది, దేశాధ్యక్షురాలినైనా హల్లా అనే అంటారు, అందులో అమర్యాద ఏమీ లేదు. మనం వార్త రెండో పేరాలో 'టోమస్‌దోత్తిర్ చెప్పారు' అని రాశామంటే టోమస్ గారి అమ్మాయి చెప్పింది అని రాసినట్టే, గెలిచి పదవిలోకి వచ్చిన మనిషి పేరు మాత్రం ఎగిరిపోయింది.

నేను ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఇదే పని మన పేర్లకీ జరిగింది, ఇంకా జరుగుతోంది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1945లో రాసిన ఒక్క రీసెర్చ్ పేపర్‌లోంచి వచ్చిన సూత్రాల్ని ప్రపంచంలో ఎక్కడ స్టాటిస్టిక్స్ చదివేవాళ్లయినా క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ అని నేర్చుకుంటారు. ఆ మహానుభావుడి కల్యంపూడి 'సి' అయింది, రాధాకృష్ణ 'ఆర్' అయింది, గౌరవంగా చివర చేర్చే రావు వచ్చి ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. యల్లాప్రగడ వారి విషయంలో సొంత పేరే ఇంటిపేరుగా చెలామణి అయింది, బయోకెమిస్ట్రీలో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. పీవీ గారు ప్రధానిగా ఉన్న రోజుల్లో ఇంగ్లీషు పత్రికలు మిస్టర్ రావు అని రాసేవి. తెలుగువాళ్లలో ఆయన్ని ఒట్టి రావు అన్నవాళ్లని నేను ఎరగను! ఇక అమెరికా వెళ్లే మన పిల్లల్లో పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడినవాళ్ల వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని వస్తుంది, మొదటి పేరు తెలియదు అని దానర్థం. మా మేనల్లుడికి అలాగే వచ్చి, బ్యాంకు కార్డు మీద కూడా అదే ఎక్కి, ఆఫీసులో కొన్నాళ్లు వాణ్ణి ఆ మూడక్షరాలతోనే పిలిచారు, పేరు మార్పించుకునేదాకా వాడు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

అసలు ఇంగ్లీషువాళ్ల కంటే మనకి ఈ పని తేలిక. నందమూరి తారక రామారావు అని రాసుకునేవాళ్లం మనం, అబే షింజో అని రాస్తే తెలుగు పాఠకుడికి కొత్తేముంది? జపాన్ ప్రభుత్వం కూడా 2020 జనవరి నుంచి తన ఇంగ్లీషు పత్రాల్లో ఇంటిపేరే ముందు రాస్తోంది. హంగరీవాళ్లు కూడా మనం విక్టర్ ఓర్బాన్ అనే తమ నాయకుడి పేరుని తమ భాషలో ఇంటిపేరు ముందు పెట్టి ఓర్బాన్ విక్టర్ అనే రాసుకుంటారు. ఇంగ్లీషు వార్తా సంస్థల కాపీలో తలకిందులై వచ్చిన పేరుని చూసుకోకుండా అచ్చేయడం దగ్గరే వస్తోంది చిక్కంతా.

ఇంకో సంగతి, వీలైనప్పుడు పేరు వెనక కథ కూడా ఒక చిన్న బాక్స్ కట్టి వేయండి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ అన్నప్పుడు, ఘనాలో అకాన్ జనం పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారని, శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫీ అని, అన్నన్ నాలుగో సంతానానికి పెట్టే పేరని, ఆయనతో కవలగా పుట్టిన ఆడపిల్ల పేరు ఎఫువా కూడా శుక్రవారందేనని రాస్తే ఎవరైనా మరిచిపోతారా? మన మన్యంలో ఒడిశా సరిహద్దు వైపు సోమారి, బుద్ర, సుక్ర అని వారం పేర్లు పెట్టుకునే కుటుంబాలున్నాయి, వాళ్ల పిల్లలు అది చదివితే ఎంత సంతోషిస్తారో ఊహించండి. మా ఊళ్లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు మీ అంతర్జాతీయ పేజీ కత్తిరించి ఫైలు చేసుకుంటారు, మీరు ఎలా రాస్తే అలాగే వాళ్ల నోట్సులోకి ఎక్కుతుంది.

కాబట్టి దేశాలవారీగా పేర్లు ఎలా రాయాలో ఒక్క పేజీ పట్టిక తయారుచేసి మీ డెస్కులో ప్రతి సబ్ ఎడిటర్‌కీ ఇవ్వండి. అరబ్బు పేర్ల గురించి గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మనవాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు, అడిగితే చెబుతారు. వియత్నాం, మయన్మార్, ఐస్‌లాండ్ వరకు కావాలంటే నేనే రాసి పంపిస్తాను.

— మీ పాఠకురాలు, తెనాలి