పులికాట్ అడుగున పరుచుకున్న పెంకులు

ఒరేయ్ శీనూ,

ఎట్లున్నావురా? సూళ్లూరుపేట ఉక్కపోత అలవాటైందా? ఇక్కడ హనుమకొండలో కూడా ఏం తక్కువ లేదులే.

మొన్న పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడు నుంచి నువ్వు పంపిన ఫోటో చూశాను. కర్ర కనపడకుండా నల్లటి బుల్లి ఆల్చిప్పలు, వాటి మధ్య దారాలు, దారాలకు అంటిన బురద. అసలు పీడ ఆ దారాలేరా. రాయినీ కర్రనీ పడవ అడుగునీ, చివరికి ఒకదాన్నొకటి కూడా వాటితోనే పట్టుకుంటాయి. ఉత్త బురద మీద కూడా అల్లుకుపోతాయి.

ఈ ఆల్చిప్ప పేరు చార్రు మస్సెల్. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా తీరాలు. ఓడల అడుగున అంటుకునో, ఓడ నిలకడ కోసం లోపల నింపుకునే బ్యాలస్ట్ నీళ్లలో పిల్లలుగానో వచ్చి ఉంటుందంటారు. చెన్నై పక్కన ఎన్నూరు జాలర్లు తమిళంలో ‘కాకా ఆళి’ అని మొత్తుకునేది దీని గురించే. కేరళ అష్టముడి సరస్సులోనూ ఆకుపచ్చ ఆల్చిప్పల జాగా ఇదే లాక్కుంది. అక్కడి షార్ట్‌నెక్ క్లామ్ అనే మరో రకం ఆల్చిప్పల వేటకు, సరస్సు పాడవకుండా పడుతున్నారని 2014లో ఎంఎస్‌సీ (మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) సర్టిఫికెట్ వచ్చింది, దేశంలో అదే మొదటిది. అలాంటి చోటికి ఇది దాపురించింది చూడు!

నాకు ఎక్కువ బాధనిపించేది రొయ్యల సంగతి. రొయ్య బురదలో దూరి దాక్కోవాలి, తిండి కూడా అక్కడే వెతుక్కోవాలి. పైన పెంకులు పరిచేస్తే ఎక్కడికి పోతుంది? చేతులతో తడిమి రొయ్యలు పట్టే ఇరుళ తెగ ఆడవాళ్లకు ఇప్పుడు వేళ్లకు తగిలేది పెంకుల అంచులే.

“వండుకు తింటే పోదా?” అన్నాడు మా తమ్ముడు. వాడికి అన్నీ కూరలే! ఒక్కోదాంట్లో ఉండేది కాస్త మాంసం. పైగా నీళ్లు వడకట్టుకుని బతికే జీవి, ఎన్నూరు వాగులో బూడిద, ఫ్యాక్టరీల మురుగు. నేనైతే ముట్టను.

మన భద్రకాళి చెరువులో గుర్రపుడెక్క కనీసం పైకి తేలుతుంది, లాగి గట్టున పడేయొచ్చు. 2024లో చెరువు ఖాళీ చేసి పూడిక తీతకు దిగారు కూడా. పులికాట్‌ను ఖాళీ చేయగలమా? మిషన్లతో తవ్వినా, రాలిన గుత్తులు కొట్టుకుపోయి ఇంకోచోట అంటుకుంటాయి. ఉప్పు లేని మన చెరువులకు దీంతో టెన్షన్ లేదు గానీ, మీవైపు అలా కాదు కదా.

ఈసారి వెళ్తే ఒకటి కనుక్కో. పడవలు వేరే చోటికి తీసుకెళ్లే ముందు అడుగు గీకి ఎండబెడుతున్నారా? వలల సంగతీ అడుగు. దసరాకి వస్తున్నావా లేదా, అది కూడా రాయి. అమ్మ అడుగుతోంది.

నీ
వేణు