ప్రోటీన్ అంకె పక్కనే కార్బ్స్ అంకె కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాంసం తినకుండా ప్రోటీన్ ఎలా తెచ్చుకోవాలి అని మీ హెల్త్ పేజీలో వచ్చిన ఆర్టికల్ చదివాను. మంచి టాపిక్, చాలామందికి కావాల్సిందే, కానీ చదవడం అయ్యాక మనసుకి కష్టంగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నా. అందులో మీల్ మేకర్, శనగలు, పప్పులు, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) అన్నీ ఒకే లిస్టులో పెట్టి ఒక్కోదానికి ఎదురుగా ప్రోటీన్ ఎన్ని గ్రాములో వేశారు, కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, ఎన్నో మాత్రం ఎక్కడా లేదు. అందరికీ ఆ అంకె అక్కర్లేకపోవచ్చు, కానీ నాలా షుగర్ వచ్చి కార్బ్స్ తగ్గించి తినే లో కార్బ్ పద్ధతిలో ఉన్నవాళ్ళకి ముందు చూడాల్సింది అదే కదండీ.

నేను మాంసం మానేసి నాలుగేళ్ళు దాటింది, ఎవరూ మానమని చెప్పలేదు, నాకే తినబుద్ధి కాక మానేశాను, మళ్ళీ మొదలుపెట్టే ఉద్దేశం కూడా లేదు. పోయినేడు టైప్ 2 షుగర్ అని తేలింది. కార్బ్స్ రోజుకి 100 గ్రాములు దాటనివ్వొద్దు, ప్రోటీన్ మాత్రం తగ్గనివ్వొద్దు అన్నారు డాక్టర్ గారు. సరే ప్రోటీనే కదా అని రోజూ ఒక పెద్ద గిన్నెడు ఉడికించిన శనగలు తినడం మొదలుపెట్టా. రెండు గంటల తర్వాత వేలు గుచ్చుకుని మీటర్ చూస్తే గుండె గుభేల్‌మంది, మా ఆయన మీటర్ పాడైందేమో అని ఇంకో స్ట్రిప్ పెట్టించారు, మళ్ళీ అదే అంకె. తర్వాత లెక్క చూసుకుంటే తెలిసింది, ఉడికిన శనగలు 100 గ్రాముల్లో ప్రోటీన్ 9 గ్రాములు అయితే కార్బ్స్ 27, అందులో పీచు ఏడెనిమిది గ్రాములు తీసేసినా ఇంకా 19 మిగులుతాయి. నేను తినే గిన్నెలో 200 గ్రాములు పైనే పట్టేవి. శనగలు చెడ్డవని నేననను, పీచు ఉంటుంది, మెల్లగా అరుగుతాయి, మామూలుగా తినేవాళ్ళకి చాలా మంచివి, కానీ కార్బ్స్ లెక్క చూసుకుని తినే మనిషికి మాత్రం అది ప్రోటీన్ గిన్నె కాదు.

ఆ తర్వాత మాంసం లేని నగ్గెట్స్ ప్యాకెట్ ఒకటి తెచ్చుకున్నాం. ముందువైపు ఇంత లావు అక్షరాలతో హై ప్రోటీన్ అని ఉంది. వండుకుని తిన్నాక, అవును తిన్నాకే, వెనక్కి తిప్పి చదివితే గోధుమపిండి, బంగాళదుంప స్టార్చ్, మాల్టోడెక్స్‌ట్రిన్ (స్టార్చ్ నుంచి చేసే పొడి), ప్రోటీన్ కంటే కార్బ్స్ ఎక్కువ. అప్పట్నుంచి ప్యాకెట్ ముందు భాగం చూడటమే మానేశాను, వెనకున్న పట్టిక చదివాకే బుట్టలో వేసుకుంటున్నా.

ఇప్పుడు నాకు పనికొచ్చినవి చెప్తాను, మీ పాఠకుల్లో ఎవరికైనా ఉపయోగపడొచ్చు. అన్నిటికంటే ముందు టోఫు. గట్టి రకం టోఫులో 100 గ్రాములకి కార్బ్స్ రెండు మూడు గ్రాములే, ప్రోటీన్ రకాన్ని బట్టి 10 నుంచి 17 దాకా ఉంటుంది. మొదట్లో నాకస్సలు నచ్చలేదు, చప్పగా మెత్తగా నోట్లో జారిపోయేది. తర్వాత ఒక పని చేసి చూశా, ప్యాకెట్ పళంగా ఒక రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, బయటకి తీసి పూర్తిగా కరిగాక రెండు అరచేతుల మధ్య పెట్టి పిండితే నీళ్ళన్నీ స్పాంజి లోంచి వచ్చినట్టు వచ్చేస్తాయి. లోపలి నీళ్ళు గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు సన్న సన్న చిల్లులు చేస్తాయి, కరిగాక ఆ చిల్లులు అలాగే ఉండిపోతాయి. అలా పిండిన ముక్క ఉప్పూ కారం నిమ్మరసం అంతా లోపలికి పీల్చుకుంటుంది, మూకుడులో అన్ని వైపులా ఎర్రగా వేయిస్తే పళ్ళకి తగిలేలా నమలొచ్చు. టోఫు పేరెత్తితేనే మొహం తిప్పుకునే మా ఆయన ఇప్పుడు నా ప్లేట్లోవి తీసుకుంటున్నారు.

టెంపే కూడా బాగుంటుంది, సోయా గింజల్ని పులియబెట్టి అచ్చులా చేస్తారు, ప్రోటీన్ దగ్గర దగ్గర 20 గ్రాములు, కార్బ్స్ ఏడెనిమిది. సీతాన్ అని గోధుమ గ్లూటెన్‌తో చేసేది ఉంది, గోధుమ అనగానే భయపడ్డాను కానీ పిండిలో స్టార్చ్ అంతా కడిగేస్తే మిగిలే బంక అది, అందుకే కార్బ్స్ తక్కువ. కాకపోతే అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ కాబట్టి దానితోనే సరిపెట్టుకోకూడదు, సోయాతో కలిపి తింటే ఆ లోటు తీరుతుంది. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం దాని జోలికే వెళ్ళకూడదు.

మీల్ మేకర్ సంగతి వేరే చెప్పాలి ఎందుకంటే మీ లిస్టులో అందరికంటే పైన అదే ఉంది, 50 గ్రాముల ప్రోటీన్ అని. అది పొడి బరువు మీద లెక్క అండీ. నానబెడితే దాని బరువుకి రెండు మూడింతల నీళ్ళు పీల్చుకుంటుంది, అంటే నానినవి 100 గ్రాములు వడ్డించుకుంటే వచ్చేది ఏ 15 గ్రాములో. పైగా పొడివి 100 గ్రాముల్లో కార్బ్స్ 30 పైనే ఉంటాయి, అందులో సగం దాకా పీచు అనుకోండి. పక్కనే శనగలకేమో ఉడికిన లెక్క వేశారు, పొడి దానికీ ఉడికిన దానికీ పోటీ పెడితే ఎలా?

ఇలా తినడం నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ అనే పరిశోధకుడి బృందం 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళకి నాలుగు వారాల పాటు సోయా, గ్లూటెన్, నట్స్‌తో లో కార్బ్ భోజనం పెట్టారు, ఇంకో గుంపుకి కార్బ్స్ ఎక్కువున్న శాకాహారం. బరువు రెండు గుంపుల్లోనూ ఒకేలా తగ్గింది కానీ చెడ్డ కొలెస్ట్రాల్ మాత్రం మొదటి గుంపులో ఎక్కువ తగ్గింది. నాలుగు వారాలదే, దానితోనే అన్నీ తేలిపోవు, అయినా మాంసం లేకుండా లో కార్బ్ కుదరదు అనేవాళ్ళకి చూపించడానికి ఇది చాలు.

మళ్ళీ ఆర్టికల్ వేస్తే రెండు జాగ్రత్తలు మాత్రం తప్పకుండా రాయండి. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళు ఒక్కసారిగా కార్బ్స్ తగ్గిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు, డాక్టర్‌తో డోసు మార్పించుకున్నాకే మొదలుపెట్టాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకి సోయా వల్ల ఆ మందు సరిగా ఒంటికి పట్టకపోవచ్చు, మాత్రకీ సోయాకీ మధ్య ఎంత గ్యాప్ ఉండాలో అడిగి తెలుసుకోవాలి.

నేనడిగేది పెద్ద పనేం కాదండీ. అదే లిస్టు మళ్ళీ వేయండి, ప్రోటీన్ పక్కన కార్బ్స్, దాని పక్కన పీచు, అన్నీ వండాక ఉండే బరువు మీద. మీరు వేసిన పాత లిస్టు నా దగ్గర ఉంది, మార్జిన్‌లో పెన్నుతో కార్బ్స్ అంకెలు రాసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నా. కావాలంటే ఫొటో తీసి పంపిస్తాను, మీ డైటీషియన్ గారి చేత ఒకసారి సరిచూపించి వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు